గంజి పెట్టే మామ, గంజి తీసే అల్లుడు

జీడిమెట్ల, హైదరాబాద్
4 ఆగస్టు 2003

పూజ్యులైన సోమలింగం మామయ్యకు,

మేనల్లుడు ఉదయ్‌కిరణ్ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. సూరత్‌లో మీరూ అత్తమ్మా హారతీ బాగున్నారనీ, మగ్గాలు ఆగకుండా ఆడుతున్నాయనీ తలుస్తాను. ఈ సంగతి ఫోన్లోనే చెప్పాల్సింది. కానీ ఎస్టీడీ బూత్‌లో మీరు "ఆ? ఏందీ? జర గట్టిగ చెప్పు" అనేసరికే మీటరు పరుగెత్తుతుంది. అందుకే ఉత్తరం.

మామయ్యా, నాకు ఉద్యోగం దొరికింది. ఇక దీపావళి వెళ్ళాక నాకూ హారతికీ పెళ్ళి పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని అమ్మ అంటోంది. నాకైతే మొదటినుంచీ ఏ అడ్డూ కనిపించలేదు.

ఉద్యోగం ఎంజైములు తయారుచేసే కంపెనీలో. మీకు అర్థమయ్యేలా చెబుతాను. గంజి అంటే చక్కెర పూసలు గుచ్చిన పొడవాటి గొలుసు. ఆ గొలుసును తెంచే ఎంజైములను కొన్ని బాక్టీరియాలు తయారుచేస్తాయి. ఇలా చక్కెర గొలుసులను తెంచే ఎంజైముల్లో చాలా రకాలున్నాయి. శాస్త్రవేత్తలు వాటిని ఒంటి తీరును బట్టి తొంభై దాకా కుటుంబాలుగా విడదీసి నంబర్లు ఇచ్చారు. మా కంపెనీది పదమూడో కుటుంబం. మీరు పడుగుకు గంజి పెట్టి నేయిస్తారు కదా, ఆ బట్ట రంగుల మిల్లుకు వెళ్ళాక మా మందు వేస్తే గంజి అంతా కరిగిపోయి బట్ట మెత్తబడుతుంది. మా సరుకులో ఎక్కువ భాగం వెళ్ళేది మీ పాండేసర మిల్లులకే. అంటే మీరు పెట్టింది నేను తీస్తాను. ఇదీ ఒక చుట్టరికమే కదా మామయ్యా!

మీ
ఉదయ్‌కిరణ్

తా.క.: హారతి చదువు ఎలా సాగుతోందో ఎవరైనా రాస్తే బాగుంటుంది. ఎవరైనా అంటే ఎవరైనా అనే.

—

పాండేసర, సూరత్
19 ఆగస్టు 2003

చిరంజీవి అల్లుడు ఉదయ్‌కిరణ్‌ను ఆశీర్వదించి సోమలింగం రాసేది.

మీ అత్తమ్మ మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నీకు ఉద్యోగం దొరికిందని చదివి సంతోషించాను. ఆ సంతోషం ఉత్తరం సగం దాకా ఉన్నది.

సగంలో నీవు బాక్టీరియా అన్నావు. అల్లుడా, తొంభై నాలుగులో ఈ ఊరికి ప్లేగు వచ్చినప్పుడు నీవు నిక్కర్లు వేసుకునేవాడివి. మేము ముక్కులకు గుడ్డలు కట్టుకొని, టెట్రాసైక్లిన్ గోలీలు నడుముకు చెక్కుకొని, స్టేషన్లో జనం మీదినుంచి జనం ఎక్కుతుంటే ఊరు విడిచినవాళ్ళం. తర్వాత కార్పొరేషన్ వాళ్ళు ఆ బాక్టీరియాను వదిలించడానికి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చి, ఊడ్చి, శుభ్రమైన ఊరని దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు నీవు దానిని డబ్బాల్లో పోసి, మూత బిగించి, లారీలో మళ్ళీ మాకే పంపుతున్నావు.

రెండో సంగతి. ఊరంతా పాలిస్టర్ వెంట పడ్డా నేను నూలు పడుగుకు గంజి పెట్టడం మానలేదు. నేను గంజి పెట్టిన పోగు తెగిందని ఈ ఊళ్ళో వరాఛా నుంచి కతర్‌గామ్ దాకా ఒక్కడూ అనలేదు. అనడానికి అక్కడ ఉన్నది వజ్రాలు సాన పట్టేవాళ్ళే అనుకో, అయినా అనలేదు. అటువంటి నా గంజిని తీసే మందు, స్వయానా మా అక్క కొడుకు, నా బిడ్డను చేసుకోబోయేవాడు తయారుచేస్తాడా? మామ కట్టిన గోడను అల్లుడు కూల్చి, దానికి చుట్టరికమని పేరు పెడతాడా?

మూడోది చిన్నది. మన పద్మశాలీలకు నూటొక్క గోత్రాలు. నీ శాస్త్రవేత్తలు ఇంకా తొంభై దగ్గరే ఉన్నారు. తొందర పడవద్దని చెప్పు. పదమూడో కుటుంబం వాళ్ళ ఇంటిపేరు నీవు రాయలేదు. ఒకే గోత్రం వాళ్ళను అంతమందిని ఒకే డ్రమ్ములో ఉంచడం కూడా నాకు నచ్చలేదు.

నీ ఉత్తరం మీ అత్తమ్మకు చదివి వినిపించాను. "గంజి తాగి బతికినోళ్ళం మనం. గిప్పుడు గా పురుగులు గుడ తాగుతున్నయా? తాగనియ్యి, మనదేం బోయింది" అన్నది. ఆమెకు విషయం పూర్తిగా తలకెక్కలేదు.

ఆశీస్సులతో,
సోమలింగం

తా.క.: కవరులో టెట్రాసైక్లిన్ గోలీలు పెట్టాను. తొంభై నాలుగువే. వాడలేదు కాబట్టి కొత్తవి కిందే లెక్క.

—

జీడిమెట్ల
1 సెప్టెంబరు 2003

పూజ్యులైన మామయ్యకు నమస్కారాలు.

గోలీలు అందాయి. అమ్మ వాటిని దేవుని గూట్లో పెట్టింది.

మామయ్యా, మీరు ఊరికే కంగారు పడుతున్నారు. డబ్బాలో బాక్టీరియా ఉండదు. అది మా కంపెనీలోనే, ట్యాంకులోనే ఉండిపోతుంది. దాని ఒంట్లోంచి ఊరిన రసాన్ని వడగట్టి, అదొక్కటే పంపుతాం. ఆవును పంపం, పాలు పంపుతాం. అంతే తేడా.

ఇందులో భయపడేది కూడా ఏమీ లేదు. ఇటువంటి ఎంజైమే మన నోట్లో కూడా ఉంది. నమ్మకపోతే ఒక ముద్ద ఉత్త అన్నం నోట్లో పెట్టుకొని, మింగకుండా నములుతూ ఉండండి. కాసేపటికి తియ్యగా అవుతుంది. గంజి గొలుసు తెగి చక్కెర బయటపడుతుందన్నమాట. మన ఉమ్మిలో ఉండేదీ పదమూడో కుటుంబానిదే. మీరు ఇంటిపేరు అడిగారు కదా, మనకు దగ్గరివాళ్ళే అనుకోండి.

నూలు మాటేమిటని మీరు అడగలేదు గానీ నేనే చెబుతాను. నూలు కూడా చక్కెర గొలుసే, కాకపోతే అల్లిక వేరు. దానిని తెంచేవి వేరే కుటుంబాలు. మా పదమూడో కుటుంబం నూలు జోలికి పోదు.

ఇక శుభవార్త. పెళ్ళి పీటల మీద కట్టుకునే తెల్ల బట్టలు పిల్ల తండ్రే స్వయంగా గంజి పెట్టి నేయడం మీ ఇంటి ఆచారం కదా. ఆ బట్టలను పాండేసరలో మాకు తెలిసిన మిల్లులో, నా చేతుల మీదుగా తయారైన మందుతో శుభ్రం చేయించే ఏర్పాటు చేశాను. మీ చేతి గంజి, నా చేతి మందు. హారతి ఆ బట్ట కట్టుకొని నా పక్కన కూర్చుంటుంది. ఇది తలచుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు.

మీ
ఉదయ్‌కిరణ్

తా.క.: అన్నం నమిలే పరీక్ష కూర లేకుండా చేయాలి. కూరతో చేస్తే అది భోజనం.

—

పాండేసర, సూరత్
17 సెప్టెంబరు 2003

చి. ఉదయ్‌కిరణ్‌కు సోమలింగం రాసేది. అల్లుడు అనే మాట ప్రస్తుతానికి రాయడం లేదు, ఎందుకో కింద చదువు.

నీవు ప్లేగు కాదన్నావు, మంచిది. ఉమ్మి అన్నావు.

నీ ఉత్తరం ఆ ముక్క దగ్గర ఆపి, కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివాను. బాక్టీరియా ఒంట్లో ఊరిన రసం అట, మన ఉమ్మి లాంటిదట. ఆ ఉమ్మిలో బట్టను నానబెడతారట. ఆ బట్టను నా బిడ్డకు పెండ్లి పీటల మీద కట్టబెడతావట. అది తలచుకుంటే నిద్ర పట్టడం లేదని కూడా రాశావు. నాకూ పట్టడం లేదు.

ఎంగిలి చేసిన పండును దేవునికి పెట్టం. ఎంగిలి చేసిన నీళ్ళను పక్కవానికి ఇవ్వం. ఎంగిలి బట్టతో కన్యాదానం చేయమని ఏ శాస్త్రంలో ఉన్నది? మనిషి ఎంగిలి అయితే కనీసం ఫలానావాడిదని తెలుస్తుంది. ఇది ఎవరి ఎంగిలి? పేరు లేదు, ఊరు లేదు, ఒక నంబరు ఉన్నది.

ఇంత పెద్ద సంగతి నా ఒక్కడి బుర్రతో తేల్చడం మంచిది కాదని ఇక్కడి మన పద్మశాలీ సమాజం పెద్దలకు విన్నవించాను. అధ్యక్షులు లింగమూర్తి గారు తెలుసు కదా, మగ్గాల నడుమ పుట్టి మగ్గాల నడుమ ముసలివాడైన మనిషి. ఆదివారం సమాజం హాలులో పెద్దలందరూ కూర్చున్నారు. నీవు చెప్పిన పరీక్ష చేద్దామన్నారు. మీ అత్తమ్మ ఉత్త అన్నం వండి పంపింది. అందరూ తలో ముద్ద నోట్లో పెట్టుకొని, మింగకుండా నములుతూ ఉండిపోయారు. మన సమాజం పుట్టిన నాటినుంచి ఎవరూ ఎవరినీ తిట్టుకోకుండా జరిగిన మొదటి మీటింగు ఇదే. కాసేపటికి కనకయ్య చెయ్యి ఎత్తి, తియ్యగా ఉందని సైగ చేశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే చేతులు ఎత్తారు. దేవదాస్‌కు మాత్రం తియ్యగా అనిపించలేదు. ఆయనకు షుగర్ కాబట్టి ఆ సాక్ష్యం లెక్కలోకి తీసుకోలేదు.

నీవు రాసింది నిజమని అలా రుజువైంది. నిజం కాబట్టే పెండ్లి ఆగింది. లింగమూర్తి గారు ముద్ద మింగి, "పోరడు అబద్ధం చెప్పలే. గదే వచ్చింది తిప్పలు" అన్నారు. సమాజం తేల్చేదాకా ముహూర్తం పెట్టించవద్దని ఆజ్ఞ.

సోమలింగం

తా.క.: నూలును తినే కుటుంబాలు కూడా ఉన్నాయని రాశావు. పీటల మీద కూర్చున్నాక, పొరపాటున పక్క కుటుంబం వాళ్ళు డబ్బాలో వచ్చి ఉంటే పంచె గతి ఏమిటో కూడా రాయి.

—

జీడిమెట్ల
26 సెప్టెంబరు 2003

పూజ్యులైన మామయ్యకు, ఇంకా మేనల్లుడే అయిన ఉదయ్‌కిరణ్ నమస్కారాలు.

పంచెకేమీ కాదు, నాది హామీ.

ఎంగిలి అన్నారు. మామయ్యా, తేనె ఈగల నోట్లోంచి వచ్చిందే కదా, అభిషేకానికి పనికొస్తుంది. ఆవు పాలు దూడ ఎంగిలి చేశాకే మన చెంబులోకి వస్తాయి. అంతెందుకు, నిన్ననే మా వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ ఆడారు. పేరులోనే ఎంగిలి ఉంది, అయినా గౌరమ్మ కాదనలేదు. బతుకమ్మకు పనికొచ్చింది నాకు పనికిరాదా?

ఇంకో సంగతి. మా కంపెనీలు రాకముందు మీ తాతల కాలంలో గంజి ఎలా తీసేవారో గుర్తు చేసుకోండి. బట్టను తొట్టిలో నీళ్ళు పోసి నానబెట్టి వదిలేసేవారు. నీళ్ళు పులిసి వాసన వచ్చాక ఉతికేవారు. ఆ పులియడమే బాక్టీరియా పని. గాలిలోంచి వచ్చి, తొట్టిలో పడి, గంజి తిని, ఆ పని చేసిపెట్టేవి. మేము కనీసం వడగట్టి పంపుతున్నాం. మీ తాత వడగట్టనూ లేదు.

కాబట్టి మీ తాత పెళ్ళి బట్టా ఎంగిలిదే, మీ నాన్నదీ ఎంగిలిదే. ఎవరికీ ఏమీ కాలేదు కదా. ఈ మాట లింగమూర్తి గారికి చెబితే సమస్య అక్కడితో తేలిపోతుందని నా నమ్మకం.

మామయ్యా, నాకు మాటలు నేర్పుగా రాయడం రాదు. నేను హారతిని తప్ప ఎవరినీ చేసుకోను. ఇది మాత్రం సమాజంలో చదివి వినిపించవద్దు.

మీ
ఉదయ్‌కిరణ్

తా.క.: గోలీలు దేవుని గూట్లోంచి తీయమంటే అమ్మ తీయడం లేదు. రోజూ పసుపు బొట్టు పెడుతోంది.

—

పాండేసర, సూరత్
9 అక్టోబరు 2003

చి. ఉదయ్‌కిరణ్‌కు సోమలింగం రాసేది.

నీ ఉత్తరం సమాజంలో మొత్తం చదివి వినిపించాను. వినిపించవద్దన్న ముక్క చివరన ఉండటంతో, అది చూసేసరికి చదవడం అయిపోయింది. కొందరు ముసిముసిగా నవ్వారు. హారతి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

సమస్య తేలిపోతుందని రాశావు. తేలలేదు, పెరిగింది. ఇదివరకు ఆగింది ఒక్క పెండ్లి. నీ లెక్క ప్రకారం మా తాత పెండ్లి, మా నాయన పెండ్లి, నా పెండ్లి, సూరత్‌లో స్థిరపడిన మన వాళ్ళందరి పెండ్లిళ్ళూ ఎంగిలి బట్టల మీదే జరిగాయి. ఇవి చెల్లుతాయా చెల్లవా అని రాజలింగం లేచి అడిగాడు. భార్యతో మాటలు లేని మనిషి, అతని గొంతులో ఆశ వినిపించింది. లింగమూర్తి గారు అతన్ని కూర్చోబెట్టారు.

ఆ సంగతి ఇంటికి వచ్చి చెప్పాను. మీ అత్తమ్మ రొట్టెలు చేస్తూ, "చెల్లకుంటే మంచిదే. మల్ల పెండ్లి జేస్కో. ఈసారి మా నాయినను గాదు, నన్ను అడగాలె. నేను జర సోచాయించి చెప్త" అన్నది. అప్పటినుంచి ఇంట్లో కూర ఏం చేయాలన్నా "నేనెవరు చెప్పనీకి, ఇంక తేలలే గదా" అంటున్నది. వంట కూడా సమాజం తీర్పు మీదే ఆధారపడి ఉంది.

దసరాకు మగ్గాలకు పూజ చేసి, పెండ్లి బట్టకు పడుగు నేనే ఎక్కించాను. గంజి నేనే పెట్టాను. తీర్పు ఎటు వచ్చినా బట్ట నేయకుండా ఉండలేకపోయాను. నీకు నిజం చెబుతున్నాను ఉదయ్, నాకు ఈ పెండ్లి ఆగడం ఇష్టం లేదు. అయితే కులం పెద్దల నడుమ తల దించుకొని బిడ్డను ఇవ్వడం కూడా నా వల్ల కాదు. దీపావళి వెళ్ళాక మా కార్ఖానాలో, ఆ మగ్గం పక్కనే ఆఖరి పంచాయితీ పెడతారు. ఆ రోజు లింగమూర్తి గారు ఏమంటే అది.

సోమలింగం

తా.క.: మా తాతను మాత్రం ఇకమీదట ఉదాహరణగా తేవద్దు. ఆయన స్వర్గస్థుడు, జవాబు చెప్పుకోలేడు.

—

జీడిమెట్ల
16 అక్టోబరు 2003

మామయ్యకు నమస్కారాలు.

ఈసారి పెద్దగా రాయను. ఉద్యోగానికి రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను. మీరు ఊ అంటే ఇచ్చేస్తాను. పదమూడో కుటుంబాన్ని వదిలేసి మీ కుటుంబంలోకి వస్తాను. సూరత్ వచ్చి మీ దగ్గర గంజి పెట్టడం నేర్చుకుంటాను. నేర్పకపోతే కండెలకు నూలు చుట్టే పనైనా ఇప్పించండి.

అమ్మ ఏడుస్తోంది. నేనూ కొంచెం ఏడ్చాను.

ఉదయ్‌కిరణ్

తా.క.: మా మేనేజరుకు ఈ సంగతంతా చెప్పాను. ఆయన ఒక డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, డబ్బాల మీద "ఉమ్మి కాదు" అని గుజరాతీలో వేయిస్తే ఎలా ఉంటుందని అడిగాడు.

—

పాండేసర, సూరత్
28 అక్టోబరు 2003

చిరంజీవి అల్లుడు ఉదయ్‌కిరణ్‌ను మనసారా ఆశీర్వదించి మామ సోమలింగం రాసేది.

పైన రాసిన మాటను చూశావు కదా. నీ జేబులోని కాగితం చించెయ్యి. చించాకే ఇది చదువు.

నిన్న పంచాయితీ జరిగింది. పెద్దలంతా మా కార్ఖానాలో స్టూళ్ళ మీద, నూలు మూటల మీద కూర్చున్నారు. పెండ్లి బట్ట మగ్గం మీద ఆడుతూనే ఉంది, ఆ చప్పుడులో అందరూ అరుస్తూ మాట్లాడుకుంటున్నారు. కనకయ్య తేనె ఎంగిలి కాదన్నాడు. దేవదాస్ తేనె మాట ఎత్తవద్దన్నాడు. లింగమూర్తి గారు లేచి మగ్గం పక్కన నిలబడి తీర్పు మొదలుపెట్టారు. "ఇనుండ్రి. మనం శాలోళ్ళం. దేవునికి బట్ట నేసి ఇచ్చిన కులం మనది. నోరు తగిలిన బట్ట మన ఇండ్లల్ల పీటల మీదికి రానే రాదు. గిది నా మాట..."

అంతలో మగ్గం ఆగింది. పడుగు నడుమ అటూ ఇటూ పరుగెత్తే నాడెలో, కండెకు చుట్టిన నూలు అయిపోయింది.

ఆగిన మగ్గాన్ని ఆయన చూడలేడు, అది ఆయన రక్తంలోనే లేదు. మాట ఆపకుండానే చెయ్యి చాచి నాడె తీశారు, కొత్త కండె ఎక్కించారు, పోగు కొసను నాడె కంటి చిల్లు దగ్గర పెట్టి, నాడెను నోటికి ఆనించుకొని సర్రున పీల్చారు. పోగు కంట్లోంచి ఇవతలికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి మనం అందరం చేసేది అదే కదా. నాడెను మగ్గంలో పెట్టారు, మగ్గం మళ్ళీ ఆడింది. ఆయన పెదవి మీద ఒక నూలు నలక అంటుకొని ఉంది.

"...గిది నా మాట" అని మళ్ళీ అన్నారు. అంటూనే పెదవి మీది నలకను వేలితో తడిమారు.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మగ్గమొక్కటే ఆడుతున్నది. కండె అయిపోయిన ప్రతిసారీ, ప్రతి నాడెకూ, మన మగ్గాల మీద నేసిన ప్రతి గజం బట్టకూ ఎవరిదో ఒకరి నోరు తగిలే ఉంది. దేవుని పట్టుకు తగిలింది, ఓట్లడిగే నాయకుల ఖద్దరుకు తగిలింది. నేను రోజంతా నాడెను పీలుస్తూనే ఎంగిలి ఎంగిలి అని నీకు ఇన్ని ఉత్తరాలు రాశాను. ఇంతమంది నేతగాళ్ళం కూర్చొని ఇన్ని ఆదివారాలు చర్చ చేశాం, ఒక్కడికీ తట్టలేదు.

చివరికి లింగమూర్తి గారు పెదవి తుడుచుకొని, "శాలోని నోరు తగిల్తె గది ఎంగిలి గాదు, నేత" అన్నారు. అందరూ అదే సరైన తీర్పు అన్నారు. మరి బాక్టీరియా నోరు తగిలితే అని రాజలింగం అడగబోయాడు, మీ అత్తమ్మ చాయ్ ఇచ్చి అతని నోరు మూయించింది.

అల్లుడా, ఒక మాట నేరుగా రాస్తున్నాను. నాకు కోపం వచ్చింది ఎంగిలికి కాదేమో. నేను పెట్టిన గంజి చివరికి తీసేయడానికే పెట్టిందని నీవు మొదటి ఉత్తరంలో ఎంతో తేలిగ్గా రాశావు. అది మనసులో గుచ్చుకుంది. మొన్న నీవు చెప్పిన మిల్లుకు వెళ్ళి, గంజి పోయిన బట్టను మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. నా చేతి నుంచి అట్ట లాగా వెళ్ళే బట్ట అది. ఎంత మెత్తగా ఉందో! మగ్గం దెబ్బలు తినే దాకే నా గంజి పని. ఆ తర్వాత అది పోవాల్సిందే. బిడ్డ విషయంలో కూడా నా పని అంతేనని అక్కడ నిలబడి అనుకున్నాను, కళ్ళు తడిశాయి. అక్కడి సూపర్వైజరు ఆవిరి అనుకున్నాడు.

కార్తీకంలో ముహూర్తం పెట్టిస్తున్నాను. మా అక్కకు చెప్పు.

మీ మామ
సోమలింగం

తా.క.: ఇవాళ పొద్దుటి నుంచి లింగమూర్తి గారు నాడె పీల్చడం మాని, తీగ కొక్కెంతో పోగు లాగడం మొదలుపెట్టారు. నేత మందగించింది. వారం తిరిగేసరికి మానేస్తారని అందరం అనుకుంటున్నాం.

ఇంకో తా.క.: బావా, నేను హారతిని. నాయిన ఈ కవర్‌ను గోందు పెట్టి అంటించమని నాకిచ్చిండు, అందుకే రాస్తున్న. ఆ రోజు కండె అయిపోలే. సగం ఉండె. అందరు తీర్పు ఇంటుంటే నేనే ఎనుకనుంచి మగ్గం ఆపి, గా సగం కండె తీసి ఖాలీది పెట్టిన. లింగమూర్తి పెదనాయన ఆగిన మగ్గం చూస్తు ఉండలేడని సబ్‌కో మాలూమ్. ఇన్ని మీటింగులల్ల నన్ను ఒక్కరు గుడ అడగలే. నువ్వు గుడ అడగలే, మా నాయిననే అడిగినవ్. ఇప్పుడన్న అడుగు, చెప్త. నాకు ఓకే. ఇంకోటి. పెండ్లైనంక బువ్వం బంతికి నువ్వు నేను ఒక్క పళ్ళెంల, ఒకరి ఎంగిలి ఒకరం తినాలె. గప్పుడు పెద్దమనుషులందరు ఎదురుంగ కూసోని చప్పట్లు కొడ్తరు, చూడు.